పదమూడో నెలలో రోగులు లేరు

తొమ్మిది నెలల క్రితం తన చేత్తో రాసిన ఒకే ఒక్క వాక్యాన్ని హిరుత్ చెరిపేసిన దగ్గర పోయినవారం ఆగాం. అదేం పెద్ద వాక్యం కాదు. ‘ఈ ఫైలు దొరక్కపోతే ఏమీ అనకుండా ముందుకి వెళ్ళు’ అని కంప్యూటర్‌కి చెప్పే వాక్యం. అది పోగానే, ఇన్నాళ్ళూ పచ్చగా ఉన్న ఆమె తెర మీద పదకొండు ఎర్ర గీతలు లేచాయి. పదకొండూ ఒకటే మాట అన్నాయి: ‘పగుమె అనే ఫైలు కనబడటం లేదు.’ పగుమె అంటే వాళ్ళ పంచాంగంలో పదమూడో నెల. ఆ ఫైలు రాసినవాడు ఆమెతో పనిచేసిన జెరిహున్. అతను ఏడాదిలో మూడో నెల అయిన హిదార్ ఏడో తారీఖున రింగు రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయాడు.

ఈ కథలో కొత్తగా చేరినవాళ్ళ కోసం ఆఫీసు సంగతి రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ఆదిస్ అబాబాలో, అరాత్ కీలో అనే కూడలి దగ్గర ఒక మేడ మూడో అంతస్తులో హిరుత్‌తో కలిపి ఏడుగురు కూర్చుని నడిపే కంపెనీ అది. నలభై రెండు ఆరోగ్య కేంద్రాల్లో వరసగా ఇంజెక్షన్లు వేయించుకునేవాళ్ళకి ‘రేపు మీ రోజు, మరిచిపోకండి’ అని ఫోనుకి సందేశం పంపే ప్రోగ్రామ్ వాళ్ళది. ఆ ప్రోగ్రామ్ సరిగ్గా నడుస్తోందో లేదో తమంతట తామే సరిచూసే టెస్టులన్నీ జెరిహున్ రాసినవే. రోజూ పొద్దున ఒంటిగంటకి, అంటే సూర్యుడు లేచిన గంటకి, ఆఫీసు మెషీన్ ఆ టెస్టులు నడిపి అందరికీ ఒక మెయిల్ పంపిస్తుంది. ఆ పని జెరిహున్ ఖాతా మీద నడుస్తుంది కాబట్టి పంపినవాడి పేరు జెరిహున్ అనే ఉంటుంది. ఆ పేరు మార్చే ధైర్యం ఎవరికీ రాలేదు. మెయిల్లో మాటలు కూడా అతనివే. ‘అందరూ క్షేమం. వెళ్ళి కాఫీ తాగండి.’ మనిషి పోయి తొమ్మిది నెలలైనా ఆ మెయిల్ ఒక్కరోజు తప్పలేదు. హిరుత్ దాన్ని తెరవకుండా పక్కకి నెట్టడం అలవాటు చేసుకుంది.

శుక్రవారం కొత్త ప్రోగ్రామ్ నలభై రెండు చోట్లకీ వెళ్ళాలి. ఆ తర్వాత పన్నెండో రోజున పదమూడో నెల మొదలవుతుంది. ఐదే రోజుల నెల. ఆ ఐదు రోజుల్లో తారీఖు పడినవాళ్ళకి సందేశం వెళుతుందా లేదా అని తేల్చేవి ఈ పదకొండు టెస్టులే. అవి నడవాలంటే పగుమె ఫైలు కావాలి. అది ఆఫీసులో లేదు. కరెంటు లేని రోజుల్లో, నెట్ రాని రోజుల్లో వాళ్ళు ఫ్లాష్ డ్రైవ్‌లో పెట్టి ఫైళ్ళు చేతులు మార్చుకునేవాళ్ళు. ‘తర్వాత ఆఫీసు మెషీన్లో పెడదాం లే’ అనుకునేవాళ్ళు. ఆ ‘తర్వాత’ అనేది మిగతా ఫైళ్ళకి వచ్చింది, ఈ ఒక్కదానికి రాలేదు. ఉంటే గింటే జెరిహున్ లాప్‌టాప్‌లో ఉండాలి. లాప్‌టాప్ అతని అక్క జెనెబు దగ్గర ఉంది.

అందుకే పన్నెండో నెల నెహసె పద్నాలుగున, ఆదివారం మధ్యాహ్నం, ఎడతెరపి లేని వానలో, హిరుత్ షిరో మేడా అనే పేటలో మిట్ట ఎక్కుతోంది.

నేతగాళ్ళ ఇళ్ళ మధ్య నీలం రంగు రేకు తలుపు. తట్టింది. లోపల్నుంచి ముందు అడుగుల చప్పుడు రాలేదు, ఊపిరి చప్పుడు వచ్చింది. ఎవరో నీళ్ళబిందె మోసుకొస్తున్నట్టు, ఆగి ఆగి, బరువుగా. తలుపు తీశాక చూస్తే ఆమె చేతుల్లో ఏమీ లేదు. నలభై ఏళ్ళ మనిషి, తెల్లటి నెతెలా కప్పుకుని, తలుపుచెక్క పట్టుకుని నిలబడింది. కళ్ళు అచ్చం జెరిహున్‌వే. హిరుత్ ఆ కళ్ళలోకి చూడలేక తన బూట్లకంటిన బురద చూసుకుంది.

“నువ్వేనా హిరుత్? వాడు చెప్పినదానికంటే పొట్టిగా ఉన్నావే,” అంది జెనెబు.

“ఏం చెప్పాడక్కా?”

“మన గుమ్మానికి తల కొట్టుకునేంత పొడుగన్నాడు. వాడి మాటలు నమ్మి నేను చెడ్డది చాలు. రా, లోపలికి రా. కోడిపిల్లలా తడిసిపోయావు.”

చుట్టుపక్కల అందరికీ ఆమె ఎతియె జెనెబు. ఎతియె అంటే అక్క. నేసిన బట్టలకి అంచులు కుట్టి అమ్ముతుంది. గదిలో నేల మీద పచ్చగడ్డి పరిచి ఉంది. బొగ్గుల మీద కాఫీ గింజలు వేగుతున్నాయి. సాంబ్రాణి పొగ రేకుల కప్పు దాకా లేస్తోంది. మూల చెక్కపెట్టె మీద గాబి దుప్పటిలో చుట్టి పెట్టిన పలకలాంటి వస్తువు ఒకటి కనబడింది. అది ఏమిటో హిరుత్‌కి వేరే చెప్పక్కర్లేదు. జెరిహున్ చనిపోయిన రోజు ఆ లాప్‌టాప్ ఆఫీసులో అతని బల్ల మీదే ఉండిపోయింది. దాని పక్కనే కూర్చుని ఆమె ఆ వార్త వింది. మర్నాడు చూస్తే బల్ల మీద లేదు. ఇంటివాళ్ళకి ఇచ్చి ఉంటారనుకుంది.

“అక్కా, నేను వచ్చింది దేనికంటే...”

“మొదటి కప్పులో పని మాట ఎత్తకూడదని మీ అమ్మ చెప్పలేదా?”

చెప్పింది. హిరుత్ గడ్డి మీద కూర్చుంది.

జెనెబు గింజలు దంచింది. రోకలి నాలుగుసార్లు వేసి ఒకసారి ఆగుతోంది. హిరుత్ సాయం చెయ్యబోతే చేత్తోనే వద్దంది. మట్టి కూజా జెబెనాలోంచి మొదటి కప్పు పోసింది; మూడు కప్పులూ అయితేగానీ అతిథి లేవకూడదు. వేపిన జొన్నపేలాలు పళ్ళెంలో పెట్టింది. ఉపవాసాల రోజులు, పాలు లేవు, నెయ్యి లేదు. వాన గురించి మాట్లాడుకున్నారు. అల్లం ధర మాట్లాడుకున్నారు. మొదటి కప్పు అడుగు కనబడే వేళకి జెనెబు మామూలుగానే అంది.

“నలభయ్యో రోజుకి మీ ఆఫీసువాళ్ళు ఆరుగురు వచ్చారు. నువ్వు రాలేదు.”

“మొదటి మూడు రోజులూ వచ్చానక్కా. పందిరి కింద వెనకాల కూర్చున్నాను.”

“వెనకాల కూర్చున్నవాళ్ళని ఏడ్చేవాళ్ళు ఎలా చూస్తారు?” అంది జెనెబు. గొంతులో కోపం లేదు, అది ఇంకా కష్టంగా ఉంది. “ఆ రోజు తెఫెరా ముందు వరసలో కూర్చున్నాడు. ఆ లాప్‌టాప్‌ని తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టాడు. ఇన్నాళ్ళూ బీరువాలో భద్రంగా దాచాను, చెయ్యి కూడా వెయ్యలేదు అన్నాడు. నా చేతులు పట్టుకుని ఏడ్చాడు పాపం.”

తెఫెరా ఆ కంపెనీ యజమాని. యాభై దాటినవాడు, ఒకప్పుడు తనూ కోడ్ రాసినవాడే. ఆఫీసులో అందరూ పెద్దన్నని పిలిచినట్టు గాషె అంటారు. అతని మంచితనం మీద ఆ ఏడుగురిలో ఎవరికీ అనుమానం లేదు. హిరుత్‌కి అసలే లేదు.

రెండో కప్పు పోయగానే హిరుత్ ఇక ఆగలేకపోయింది. “అక్కా, జెరిహున్ లాప్‌టాప్‌లో ఒక ఫైలుంది. అది కావాలి. శుక్రవారం లోపల కావాలి.”

“తొమ్మిది నెలలు అక్కర్లేనిది ఇవాళ అక్కరకొచ్చిందా?”

అక్కడ హిరుత్ అబద్ధం చెప్పొచ్చు. మెషీన్ మార్చామనో, కొత్త పని వచ్చిందనో చెబితే జెనెబుకి ఏం తెలుస్తుంది? దారంతా ఆ అబద్ధాన్ని అల్లుకుంటూనే వచ్చింది కూడా. కానీ ఆ కళ్ళు ఎదురుగా ఉన్నాయి.

“నా వల్లే అక్కరలేకుండా పోయింది,” అంది. “జెరిహున్ పోయేముందు పదకొండు టెస్టులు రాశాడు. అవి నడవాలంటే ఇంకో ఫైలుని పిలవాలి. ఆ ఫైలు అతని దగ్గరే ఉండిపోయింది. పిలిస్తే పలికేవాడు లేడు కదా, టెస్టులు ఆగిపోయాయి. ఆఫీసు మెషీన్లో పెట్టకముందే నా తెర మీద రోజూ ఎర్రగా ఏడ్చేవి. అవి ఎర్రగా ఉంటే కొత్త ప్రోగ్రామ్ బయటికి వెళ్ళదు. నేను ఆ ఫైలు వెతకాల్సింది. మీ ఇంటికి వచ్చి అడగాల్సింది. కానీ మీ మొహం చూడాలంటే భయమేసింది. అందుకని వాటి నోరు నొక్కేశాను. ఫైలు దొరక్కపోతే ఊరుకో అని ఒక్క వాక్యం రాశాను. అప్పట్నుంచీ అవి నడవలేదు. నడవనిదానికి తప్పు పట్టడమూ రాదు. అందుకే రోజూ అందరూ క్షేమం అనే వస్తోంది.”

జెనెబు కప్పు కింద పెట్టింది. బొగ్గుల మీద నిప్పు చిటపటలాడింది.

“ఆ టెస్టులు దేని గురించి?”

“పదమూడో నెల గురించి. ఆ ఐదు రోజుల్లో ఎవరికైనా ఇంజెక్షన్ తారీఖు పడితే సందేశం వెళుతుందా అని.”

జెనెబు లేచింది. గోడ పట్టుకుని పెట్టె దాకా వెళ్ళి, మూత కాస్త ఎత్తి, అట్టలు నలిగిన ఆకుపచ్చ కార్డు ఒకటి తీసింది. హిరుత్ ముందు గడ్డి మీద పెట్టింది. ఆరోగ్య కేంద్రం కార్డు. ప్రతి ఇరవై ఎనిమిది రోజులకీ ఒక గడి. నిరుడు నెహసె ఐదు దాకా ప్రతి గడిలోనూ నర్సు సంతకం ఉంది. ఆ కింద పగుమె మూడు. గడి ఖాళీ. దాని కింద ఇంకోటి ఖాళీ.

“చిన్నప్పుడు గొంతు వాచి జ్వరం వస్తే అది గుండెకి పాకింది నాకు,” అంది జెనెబు. “నెలనెలా ఆ ఇంజెక్షన్ పడితే మనిషిని. పడకపోతే లేను. పదిహేనేళ్ళు ఈ కార్డు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. వాడు మీ కంపెనీలో చేరాక, అక్కా ఇంక కార్డు పక్కన పారెయ్, నా మెషీన్ నీకు చెబుతుంది, నువ్వు హాయిగా కుట్టుకో అన్నాడు. నిజంగానే చెప్పింది, ఏడాదంతా. నేను కార్డు చూడటం మానేశాను. నిరుడు పగుమె మూడున రఫాయేల్ పండుగ, గుర్తుందా? పెద్ద వాన పడింది. దేవుడి వాన అని వీధిలో పిల్లలతో కలిసి నిలబడి తడిశాను. ఎంత సంతోషంగా తడిశానో. ఆ రోజే నా ఇంజెక్షన్ రోజు. ఫోను మోగలేదు.”

హిరుత్ వేలు కార్డులోని ఆ ఖాళీ గడి మీదికి వెళ్ళింది.

“ఆ తర్వాత కూడా మోగలేదు. ఒక తారీఖు తప్పితే తర్వాతది లెక్క కట్టదట కదా మీ మెషీన్. రెండో నెల తిఖిమ్తులో జ్వరంతో పడిపోయాక ఆసుపత్రిలో కనుక్కున్నారు. గుండెలో ఇంకో కవాటం పాడైందన్నారు. వాడు మంచం పక్కన కూర్చుని ఈ కార్డు చేత్తో పట్టుకుని, ఐదు రోజులక్కా, నేను ఐదు రోజులు మరిచిపోయాను అని తల బాదుకున్నాడు. పదమూడు నెలల దేశంలో పుట్టి పన్నెండు నెలలకే కోడ్ రాశాను, ఎవరో పరదేశంవాళ్ళు రాసిన లెక్క తెచ్చి అతికించాను అన్నాడు. ఆ రాత్రే కూర్చుని ఏదో రాయడం మొదలుపెట్టాడు.”

హిరుత్ కార్డు మీద పైన ఉన్న అంకె చూసింది. 1147.

ఆ అంకె ఆమెకి తెలుసు. పదకొండు టెస్టుల్లోనూ ఊహించి పెట్టిన రోగి ఒకడుంటాడు, ఏ పేరూ లేనివాడు, వట్టి అంకె. 1147. ఏదో తోచిన అంకె వేసి ఉంటాడనుకుంది. ఆ అంకె ఇప్పుడు ఎదురుగా కూర్చుని ఊపిరి కోసం భుజాలు ఎగరేస్తోంది. హిరుత్‌కి ఏడుపు రాలేదు. ఏడిస్తే బాగుండేది, ఆ సిగ్గు కొంచెమైనా కరిగేది.

“మిమ్మల్నే పెట్టాడు,” అంది. “ఆ టెస్టుల్లో రోగి మీరే.”

“అయితే నువ్వు నొక్కింది నా నోరే.”

“అవును.”

జెనెబు కార్డు తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. లేచి పొమ్మంటుందనుకుంది హిరుత్. పొమ్మంటే పోవడానికి సిద్ధపడింది కూడా. జెనెబు వేరే అడిగింది.

“దాంట్లో వాడు ఇంకేమైనా రాశాడా? నా గురించి కాదు. ఊరికే, మాటలు. వాడు ఎక్కడపడితే అక్కడ మాటలు రాస్తాడు. నా కరెంటు బిల్లు మీద కూడా రాసేవాడు.”

రాశాడు. మొదటి టెస్టు పైన, కంప్యూటర్ చదవకుండా మనుషులు మాత్రమే చదివే వరసలో రాశాడు. నోరు నొక్కే వాక్యం రాసిన రోజు హిరుత్ దాన్ని చదివింది. చదివి, చదవనట్టు తెర కిందికి జరిపింది. ఆ తర్వాత తొమ్మిది నెలలుగా అది ఆమెని బస్సులో, స్నానాల గదిలో, చర్చిలో పాట మధ్యలో పట్టుకుంటూనే ఉంది.

“‘ప్రోగ్రామ్ బాగుపడేదాకా ఇది ఎర్రగా ఉండాలి. దీన్ని పచ్చ చేసినవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఎలా చేశారో చెప్పాలి.’ అంతే రాశాడు.”

జెనెబు నవ్వింది. దగ్గు వచ్చి నవ్వు తెగిపోయింది. పెట్టె మీది గాబి మూట తెచ్చి, ఇద్దరి మధ్యా గడ్డి మీద పెట్టి, ముడి విప్పింది. లాప్‌టాప్ మూత మీద ఒక్క దుమ్ము రవ్వ లేదు.

“వచ్చావుగా,” అంది. “చెప్పు వాడికి.”

హిరుత్ చెప్పింది. పిచ్చితనమే అనుకోండి. మూసి ఉన్న ఆ నల్లటి మూతతో, జెరిహున్, నేను దాన్ని బాగుచేసి పచ్చ చెయ్యలేదు, దాని గొంతు నొక్కి పచ్చ చేశాను, నన్ను క్షమించు అని చెప్పింది. అప్పుడొచ్చింది ఏడుపు. జెనెబు ఓదార్చలేదు, ఆపమనలేదు. కాస్త తగ్గాక మూత తెరిచింది.

“ప్రతి నెలా ఏడో తారీఖున ఛార్జింగ్ పెడతాను. వాడి ఫొటో వచ్చేదాకా చూసి మూసేస్తాను. లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.” పాస్‌వర్డ్ గడిలో ఒక్కొక్క అంకే నొక్కింది. తన కార్డు అంకెనే నాలుగుసార్లు. “మరిచిపోయినా నిన్ను చూసి గుర్తుచేసుకుంటానక్కా అనేవాడు.”

తెర తెరుచుకుంది. హిరుత్ కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. ఎంత దుఃఖంలో ఉన్నా ఆమె చేతులకి ఈ పని తెలుసు, అదొక్కటే అదృష్టం. తన ఫోన్ నుంచి నెట్ ఇచ్చింది. ఆఫీసు కోడ్ దింపుకుంది. పగుమె ఫైలు ఉండాల్సిన చోట లేదు. జెరిహున్ సొంత ఫోల్డర్లో, అక్క పెళ్ళి ఫొటోల పక్కన ఉంది. దాని నకలు తెచ్చి టెస్టుల పక్కన పెట్టింది. నడిపింది. ఎర్ర గీతలు పోలేదు, మాట మారింది. ఇప్పుడు ఫైలు దొరికింది కానీ, అది తారీఖులు లెక్కకట్టే రెడీమేడ్ కోడ్‌ని, నిరుటి లైబ్రరీని అడుగుతోంది. ఈ ఏడు వచ్చిన కొత్త లైబ్రరీలో పేర్లన్నీ మారిపోయాయి. పాతదాన్ని వెతికి పట్టుకుని, కొత్తదాన్ని తీసేసి పెట్టేసరికి వాన ఒకసారి తగ్గి మళ్ళీ పెరిగింది. మళ్ళీ నడిపింది. ఈసారి ఇంకో చిక్కు. పగుమె ఫైలు టెస్టుల్ని పిలుస్తోంది, టెస్టులు పగుమెని పిలుస్తున్నాయి, ముందు నువ్వంటే ముందు నువ్వని రెండూ గుమ్మంలోనే నిలబడిపోయాయి. ఉమ్మడిగా వాడుకునే నాలుగు లైన్లు తీసి వేరే ఫైల్లో పెట్టింది. అప్పుడు కదిలింది.

“ఇప్పుడు చూడండక్కా. పదకొండూ ఎర్రగా వస్తాయి. కానీ ఈసారి ఫైలు దొరకలేదని కాదు, అసలు తప్పు చూపిస్తూ. 1147కి సందేశం వెళ్ళలేదని చెబుతాయి. అది చూపిస్తే శుక్రవారం ఎవరూ దీన్ని బయటికి పంపలేరు.”

నడిపింది.

పదకొండూ పచ్చగా వచ్చాయి.

హిరుత్ ఇంకోసారి నడిపింది. పచ్చ. జెనెబు ముందుకి వంగి చూసింది.

“పచ్చ అంటే మంచిదేగా?”

“కాదక్కా. ప్రోగ్రామ్‌లో ఆ తప్పు అలాగే ఉంది. నిన్న నేనే చూశాను. ఎవరూ బాగుచెయ్యలేదు. ఇది పచ్చగా రాకూడదు.” చచ్చినవాడు అబద్ధం చెబుతున్నట్టుంది, అదీ అక్క ముందు కూర్చుని. జెరిహున్ అలాంటివాడు కాదు. చెత్తబుట్టలో కాగితం పడకపోతే లేచి వెళ్ళి మళ్ళీ వేసే మనిషి.

ఫైలు తెరిచింది. చిన్నదే. నెలనెలకీ ఎన్ని రోజులో ఒక వరసలో ఉంది. పన్నెండుసార్లు ముప్ఫై. చివర పదమూడోది. అక్కడ ఐదు ఉండాలి. సున్నా ఉంది.

ఆ పదమూడో నెలలో ఎన్ని రోజులుంటే అంతమంది ఊహా రోగుల్ని, 1147ని కలుపుకుని, తయారుచేసి, ఒక్కొక్కరికీ సందేశం వెళ్ళిందా అని చూడటమే ఆ ఫైలు పని. రోజులు సున్నా అయితే రోగులు సున్నా. రోగులే లేనప్పుడు తప్పు ఎవరిమీద చూపిస్తుంది? ఏమీ చూడకుండానే అంతా బాగుందని తల ఊపుతోంది అది.

“వాడు రాసిందేనా ఇది?” అంది జెనెబు.

హిరుత్ జెరిహున్ ఫోల్డర్లో ఉన్న అసలు ఫైలు వివరాల్లోకి వెళ్ళింది. చివరిసారి మార్చిన తారీఖు చూసి తెరని జెనెబు వైపు తిప్పింది.

హిదార్ పందొమ్మిది.

జెనెబు ఆ తారీఖుని వేలితో తాకింది. “ఏడున పోయాడు నా తమ్ముడు. తొమ్మిదిన మట్టి వేశాం.”

“అక్కా, పందొమ్మిదిన ఇది ఎవరి దగ్గరుంది?”

ఇద్దరికీ తెలుసు. బీరువాలో భద్రంగా, చెయ్యి కూడా వెయ్యకుండా దాచినవాడి దగ్గరుంది. ఆఫీసు లాప్‌టాప్‌ల పాస్‌వర్డ్‌లన్నీ యజమానిగా అతని దగ్గర రాసి ఉంటాయి. హిదార్ ఇరవై పొద్దున సంగతి హిరుత్‌కి ఇప్పుడు వరసగా గుర్తుకొచ్చింది. తను ఎర్ర గీతల ముందు కూర్చుని ఉంటే, గాషె తెఫెరా స్వయంగా టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ‘వాడి వస్తువులు వెతుక్కుంటూ కూర్చుంటే నీ మనసు విరిగిపోతుందమ్మా. వెతక్కు. దాన్ని ఊరుకోబెట్టెయ్, చాలు’ అన్నాడు. తన మీద జాలనుకుంది. తొమ్మిది నెలలుగా ఆ జాలిని కప్పుకునే పడుకుంది. అప్పటికే అతను ఆ ఫైలుని చూశాడు, చదివాడు, ఏమిటో తెలుసుకున్నాడు. ఒకవేళ హిరుత్ వెతికి పట్టుకున్నా టెస్టులు పచ్చగానే రావాలని సున్నా పెట్టాడు; ఆమె ఒప్పుకుని నోరు నొక్కేసింది కాబట్టి ఆ సున్నాతో అతనికి పని పడలేదు.

“నేను కూడా ఉన్నానక్కా ఇందులో,” అంది. “ఊరుకోబెట్టెయ్ అని గాషె చెప్పాడని నేను తప్పించుకోను.”

“తప్పించుకోమని నేనూ అనలేదు. ముందు దాన్ని సరిచెయ్.”

హిరుత్ సున్నా చెరిపి ఐదు పెట్టింది. నడిపింది. ఎర్ర గీతలు ఒకదాని కింద ఒకటి దిగాయి, పదకొండు. మొదటి దాంట్లోనే ఉంది: ‘రోగి 1147. పగుమె 3. సందేశం వెళ్ళలేదు.’ జెనెబు ఆ లైనుని పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివింది. ఇన్నాళ్ళ తర్వాత ఎవరో తన పక్షాన సాక్ష్యం చెప్పినట్టు ఆమె మొహం ఒక్క క్షణం తేటపడింది. హిరుత్ ఇంకేమీ ఆలోచించకుండా ఆ ఫైలుని, పాత లైబ్రరీ పేరుని, అన్నిటినీ కలిపి ఆఫీసు మెషీన్‌కి పంపేసింది. ఇక అది ఏ ఒక్కరి లాప్‌టాప్‌లోనూ దాగి ఉండదు.

కొత్తది ఏది వచ్చినా ఆఫీసు మెషీన్ వెంటనే టెస్టులు నడుపుతుంది. నడిపితే అందరికీ మెయిల్ పంపిస్తుంది. ఆ సంగతి హిరుత్‌కి గుర్తొచ్చేసరికి గడ్డి మీద ఫోన్ వెలిగింది.

జెనెబు ముందు చూసింది. తమ్ముడి పేరు చదివి చెయ్యి గుండె మీద వేసుకుంది.

అది హిరుత్ ఎప్పుడూ చూడని మెయిల్. ఎర్రగా ఉన్నప్పుడు పోవాలని అతను రాసి పెట్టిన మాటలు ఇవి, తొమ్మిది నెలలుగా లోపల ఉండిపోయిన మాటలు. ‘ఎవరో ఒకరు తప్పిపోయారు. లేచి వెతకండి. జెరిహున్.’

ఒక నిమిషం కూడా గడవలేదు. ఫోన్ మోగింది. గాషె తెఫెరా. హిరుత్ ఎత్తి, జెనెబుకి కూడా వినబడేలా పెట్టింది.

“హిరుత్.” అన్నాడు. “నాకు జెరిహున్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది.”

“నాకూ వచ్చింది గాషె.”

“ఆదివారం పూట నీకీ పనేమిటి? అంతా సవ్యంగా ఉంటే నువ్వు...” ఆగాడు. మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా. “ఆ సున్నాని ఎందుకు కదిపావు?”

సున్నా మాట మెయిల్లో లేదు. ఎవరూ అతనితో అనలేదు. అది అతనికీ ఇప్పుడే తట్టినట్టుంది, అవతల చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దంలో రేకుల మీద వాన, జెనెబు ఊపిరి, రెండూ ఫోన్లోకి వెళుతున్నాయి.

“ఎవరది నీ పక్కన?” అన్నాడు తెఫెరా. “ఆ ఊపిరి ఎవరిది?”

జెనెబు ఫోన్ హిరుత్ చేతిలోంచి తీసుకుంది. ఇంకో చేత్తో జెబెనాని మళ్ళీ బొగ్గుల మీద పెట్టింది.

“నాదే తెఫెరా. 1147ని,” అంది. “మేం రెండు కప్పులు తాగేశాం. మూడోది నువ్వు వచ్చేదాకా పొయ్యను. రా.”